కృష్ణుడు కళ్లు తెరిచేటప్పుడు కెమెరా ఎక్కడుండాలి?

పోయిన ఉగాదికి మా చుట్టుపక్కల తెలుగువాళ్లం కలిసి ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని 'పాండవోద్యోగం' పద్య నాటకంలోని పడక సీను వేయించాం. నిజం చెప్పాలంటే వేయించింది మిగతావాళ్లు, నేను చందా ఇచ్చి కుర్చీలు సర్దాను. తీరా తెర లేవబోయే ముందు ఇంకో పని నా నెత్తిన పడింది. ఫోనును స్టాండుకు బిగించి నాటకాన్ని యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేయాలట. చేస్తానన్న కుర్రవాడు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. బెంగళూరులో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నదాన్ని కనుక, అతడు మంగళం పాడేలోపు రాడని నాకు అర్థమైపోయింది.

తెనాలిలో మా అమ్మ టీవీలో యూట్యూబు పెట్టించుకుని కూర్చుంది. ఒక్కతే చూడటం ఆమెకు తోచదు, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అందుకని నా రెండో ఫోను చెవి దగ్గరే ఉంది. శయ్య మీద కృష్ణుడు, తల వైపు ఆసనం మీద దుర్యోధనుడు, కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని అర్జునుడు. కృష్ణుడు లేచాడు. అర్జునుణ్ణి పలకరించాడు. తర్వాత ఇటు తిరిగి "బావా!" అని ఎత్తుకున్నాడు. హాలంతా గొంతు కలిపింది. నేను ఆనందం పట్టలేక "అమ్మా, బావా వచ్చేసింది" అన్నాను. అటు నుంచి కసురు.

"ఆగవే! ఇక్కడ ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు."

యూట్యూబు ప్రసారం హాలుకు అర నిమిషం వెనక నడుస్తోందని అప్పుడు తెలిసింది. కృష్ణుడు ముందు ఎవరిని చూస్తాడో అమ్మకు తెలియదా? డెబ్బై ఏళ్లుగా తెలుసు. దుర్యోధనుడి పద్యాలూ, కృష్ణుడి పద్యాలూ రెండు వైపులవీ ఆమెకు కంఠతా వచ్చు. వంటింట్లో పప్పు తాలింపు పెడుతూ రాయబారం మొత్తం ఒక్కతే నడిపేస్తుంది. అలాంటి మనిషి, అర నిమిషం ముందు చెప్పినందుకు రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. ప్రత్యక్ష ప్రసారానికి ఏ నాటకాన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆ ముభావంలోనే.

ప్రశ్న నాది కాదు. మా వాట్సాప్ గుంపులో ఎవరో వేశారు. మన తెలుగు ఛానెళ్లలో ఏదో ఒకటి ఏడాదికొక రాత్రి ఒక పద్య నాటకాన్ని పూర్తిగా, అప్పటికప్పుడు, కోతలు లేకుండా ప్రసారం చేస్తే ఏది వేయాలి? గుంపులో మూడు రోజులు యుద్ధం జరిగింది. హరిశ్చంద్ర అని పెద్దలు, మాయాబజార్ అని పిల్లల తల్లిదండ్రులు, అసలు పద్యం ఎవరికి కావాలని ఒకరు. ఆ ఒకరిని గుంపులో నుంచి తీసేయలేదు కానీ, తీసేసినట్టే.

అమెరికా వాళ్లు ఈ పని కొన్నేళ్ల పాటు చేశారు. ఏది ఎంచుకుంటే ఏమైందో వాళ్లను చూసి కొంత నేర్చుకోవచ్చు. 2013 డిసెంబరు 5న ఎన్‌బీసీ ఛానెల్ 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సంగీత నాటకాన్ని స్టూడియోలో సెట్లు వేసి ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ముఖ్య పాత్రకు క్యారీ అండర్‌వుడ్ అనే గాయనిని తీసుకున్నారు. ఆమె పాటకు వంక లేదు, నటనను మాత్రం విమర్శకులు ఉతికి ఆరేశారు. అయినా దాదాపు 1.86 కోట్ల మంది చూశారు. దాంతో ఛానెల్‌కు రుచి తగిలింది. మరుసటి డిసెంబరులో 'పీటర్ పాన్' వేస్తే చూసినవాళ్లు సగానికి పడిపోయి సుమారు 92 లక్షల దగ్గర నిలిచారు. 2015లో 'ది విజ్' వేస్తే మళ్లీ కోటి దాటారు.

ఆ మొదటి ప్రసారం రికార్డింగును నేను చూశాను. పాటలు బాగున్నాయి, సెట్లు బాగున్నాయి, ఎక్కడో ఏదో తేడాగా ఉంది. మూడో పాటకు గాని అది పట్టుబడలేదు. పాట చివర గొంతు పైకి లేచి, చేతులు చాచి, గాయని ఆగుతుంది. ఆ తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. చప్పట్లు లేవు, దగ్గు లేదు, కుర్చీ కదిలిన చప్పుడు లేదు. స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టలేదు. పీటర్ పాన్‌కూ, విజ్‌కూ అంతే. రంగస్థలం కోసం కట్టిన పాటలో చప్పట్ల కోసం ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడకపోతే పాట విస్తరి ముందు కూర్చుని వడ్డన కోసం చూస్తున్న మనిషిలా కనిపిస్తుంది.

2016 జనవరి 31న ఫాక్స్ ఛానెల్ 'గ్రీజ్' వేసింది. దర్శకుడు టామస్ కైల్ జనాన్ని సెట్ల మధ్యకే తెచ్చి కూర్చోబెట్టాడు. ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య నటులు స్టూడియో ఆవరణలో చిన్న బండ్లెక్కి పరుగులు తీశారు. ఆ రోజు వర్షం కూడా పడింది. గొడుగులు పట్టుకుని పాడేశారు. ముఖ్య నటుల్లో ఒకరైన వెనెస్సా హజెన్స్ తండ్రి అంతకు ముందు రాత్రే చనిపోయారు. ఆమె వచ్చి తన పాత్ర ఆడింది. సుమారు 1.22 కోట్ల మంది చూశారు. దాన్ని పాత 'గ్రీజ్' సినిమాతో పోల్చి సణిగినవాళ్లు నా కంటపడలేదు. వర్షం పడుతుంటే అవతల ఏం చేస్తారో అన్న ఆత్రుత సినిమాలో దొరకదు మరి.

ఇక 'రెంట్'. 2019 జనవరి 27న ప్రసారం కావాలి. ముందు రోజు పూర్తి వేషాలతో చేసిన ఆఖరి రిహార్సల్‌లో ముఖ్య నటుడు బ్రెనిన్ హంట్ పాదం ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతడి బదులు ఆ పాత్ర వేయడానికి సిద్ధంగా ఉంచిన మనిషి లేడు. చేసేదేమీ లేక ఆ రిహార్సల్ రికార్డింగునే చాలావరకు ప్రసారం చేసి, చివరి భాగం మాత్రం ప్రత్యక్షంగా చూపించారు. పేరులో 'లైవ్' ఉంది, జరిగింది మాత్రం నిన్నటిది.

ఈ వార్త చదివినప్పుడు నాకు మన కాంట్రాక్టు నాటకాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు! పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధానికి మరొకరు. ఒకాయన కిరీటం తీసి పక్కన పెట్టి టీ తాగుతుంటే ఇంకొకాయన అదే నీలిరంగు పూసుకుని రంగం మీదికి నడిచి వస్తాడు. ఒక్కరు కూడా "ఇందాకటి కృష్ణుడు పొట్టిగా ఉన్నాడే" అని అడగరు. పద్యం ఎవరు ఎలా ఎత్తుకుంటారని మాత్రం చెవులు రిక్కిస్తారు. కాలు విరిగిందని ప్రసారం ఆగే ప్రమాదం మనకు పుట్టుకతోనే లేదు.

సరే, గుంపులో యుద్ధానికి వస్తాను.

హరిశ్చంద్ర వేయాలన్నది మా పెదమామయ్య. ఆయనను కాదనడం మా ఇంట్లో అలవాటు లేదు. పైగా ఆయన వాదనలో బలం ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సీను తెలియని తెలుగు ఊరు ఉండేది కాదు. ఆ సీనులోకి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. నాటకకర్త రాయని పద్యాలు నాటకానికి ప్రాణమై కూర్చున్నాయి. డి.వి. సుబ్బారావు గారి గొంతు రికార్డుల్లో, మైకుల్లో, పందిళ్లలో మోగిన కాలం మామయ్యది. "ఆ పద్యం వింటే రాయి కూడా కరుగుతుంది, టీవీ వాడు కరగడా" అంటాడు.

కరుగుతాడు మామయ్యా, అదే నా భయం. కాటి సీను చెవి కోసం పుట్టింది. చీకట్లో, దూరం నుంచి, మైకులో వినాలి. టీవీ దాన్ని ముఖం దగ్గరకు తీసుకుపోతుంది. చంద్రమతి కన్నీటి బొట్టు తెర నిండా. మన టీవీలో ఏడుపుకు ఇప్పుడేమైనా కరువుందా? సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉన్నారు. వాళ్ల మధ్య హరిశ్చంద్రుణ్ణి కూర్చోబెడితే ఆయన కూడా ఒక సీరియల్ పాత్ర అయిపోతాడు. పద్యాన్ని రేడియోకు ఇవ్వండి, కళ్లు మూసుకుని వింటాం.

మాయాబజార్ అన్నవాళ్లతో వాదించడం ఇంకా కష్టం, ఎందుకంటే నాకూ అదంటే ఇష్టం. సురభి నాటక సమాజం వాళ్లు 1885లో కడప జిల్లాలో మొదలుపెట్టిన నాటకాలాట తరాలు మారినా నడుస్తూనే ఉంది. ఆకాశం నుంచి నారదుడు దిగడం, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, అన్నీ తాళ్లతో, కప్పీలతో, మనుషుల చేతులతో కళ్లముందు జరుగుతాయి. వాళ్లు బెంగళూరు వచ్చినప్పుడు నేను ముందు వరుసలో కూర్చుని చూశాను. తాడు కనిపించింది. కనిపించినా చప్పట్లు కొట్టాను. హాలులో కూర్చున్నవాడికి తాడూ కనిపిస్తుంది, తాడు లాగే మనిషి కష్టమూ తెలుస్తుంది, రెండూ కలిపి మెచ్చుకుంటాడు. టీవీ ముందు కూర్చున్నవాడికి తాడు ఒక్కటే కనిపిస్తుంది. పీటర్ పాన్ ఎగురుతుంటే తీగలు కనిపించాయని అమెరికాలో ఎన్ని జోకులు వేశారో! చేతిలో ఉన్న తెర మీద ఇంతకన్నా పెద్ద మాయలు రోజూ చూసే పిల్లవాడికి, మనుషులు చేసే మాయ తెర మీద చూపిస్తే వాడు తాళ్లే లెక్కపెడతాడు. వాణ్ణి హాలుకు తీసుకువెళ్లండి. మాయాబజార్ అక్కడిది.

చింతామణి పేరు ఎవరూ ఎత్తలేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, సుబ్బిశెట్టి పాత్ర ఒక వర్గాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు మీద. కాళ్లకూరి నారాయణరావు గారు రాసినదాని కన్నా నటులు కలుపుకున్న మాటలే ఎక్కువ గొడవ తెచ్చాయని నా అభిప్రాయం. పాత నాటకాన్ని కోట్ల మంది ముందుకు తెచ్చేటప్పుడు ఈ చిక్కు అందరికీ ఉంటుంది. పీటర్ పాన్‌లో అమెరికా మూలవాసులను వెక్కిరించేలా ఉన్న ఒక పాటను 2014 ప్రసారానికి మార్చి రాయించారు. మార్చి వేశారు, మూసేయలేదు.

నా ఓటు పాండవోద్యోగానికి. తిరుపతి వేంకట కవులు రాసినదాంట్లో పడక సీను, రాయబారం, ఈ రెండే. మిగతాది వద్దు, రెండున్నర గంటలు చాలు.

ఎందుకంటే అందులో జరిగేదంతా మాటల పోరు. ఒకరు పద్యంతో కొడతారు, ఇంకొకరు పద్యంతో తిప్పికొడతారు. ఏడుపు లేదు, తాళ్లు లేవు, సెట్టు అంటే ఒక మంచం, నాలుగు సింహాసనాలు. చూసేవాడికి తర్వాతి పద్యం ఏమిటో తెలుసు. 'చెల్లియో చెల్లకో' వస్తుందని తెలుసు, 'జెండాపై కపిరాజు' వస్తుందని తెలుసు. తెలిసినకొద్దీ ఆత్రుత పెరుగుతుంది, ఎందుకంటే ఈ రోజు ఈయన దాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఎంతసేపు లాగుతాడు, పై షడ్జం అందుకుంటాడా లేక హార్మోనియం వెనక దాక్కుంటాడా అన్నది ఎవరికీ తెలియదు, పాడేవాడితో సహా. ప్రత్యక్ష ప్రసారంలో అమ్ముడుపోయే సరుకు అదొక్కటే. కథ తెలియని నాటకాన్ని ప్రత్యక్షంగా చూపిస్తే జనం కథ చూస్తారు. దానికి రికార్డింగు చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉంది, నేనే చెప్పేస్తాను. 1957 మార్చి 31న సీబీఎస్ ఛానెల్ 'సిండ్రెల్లా'ను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. రాడ్జర్స్, హామర్‌స్టీన్ జంట టీవీ కోసమే కొత్తగా రాసినది, జూలీ ఆండ్రూస్ పాడింది. పాటలన్నీ కొత్తవి, అయినా పది కోట్లకు పైగా జనం చూశారు. కొత్తది కూడా నిలిచింది కదా అని మా గుంపులో ఒకాయన పట్టుకున్నాడు. పాటలు కొత్తవే కానీ ఆ అమ్మాయి చెప్పు జారిపోతుందని ఏ పిల్లకు తెలియదండీ? అప్పట్లో ఇన్ని ఛానెళ్లు లేవన్న సంగతి సరేసరి. ఆ ప్రసారం రంగుల్లో వెళ్లింది, ఇప్పుడు మిగిలింది మాత్రం నలుపు తెలుపు ప్రతి. ఆ రాత్రి చూసినవాళ్లు చూసిన రంగులు వాళ్లతోనే పోయాయి.

తారల సంగతీ తేల్చాలి. ఛానెల్ వాళ్లు మొదట అడిగేది "కృష్ణుడిగా ఏ హీరో?" అని. హీరో వస్తే ప్రకటనలు వస్తాయి, నిజమే. కానీ ఎన్‌బీసీ 'బై బై బర్డీ'ని జెనిఫర్ లోపెజ్‌తో 2017లో వేస్తామని ప్రకటించి, ఆమె తీరిక కోసం వాయిదా వేసి, చివరికి వేయనే లేదు. తార కోసం నాటకాన్ని ఎంచుకుంటే తార లేకపోతే నాటకమూ లేదు. పద్యం విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పెదవి కదిపితే వెనక ఎవరో పాడే విద్య ఇక్కడ చెల్లదు. శార్దూల వృత్తంలో ఉన్న పద్యాన్ని ఒక్క గుక్కలో నిలబడి పాడాలి. పల్లెల్లో ఇప్పటికీ పాడుతున్న మాస్టార్లు, రైతులు, గుమాస్తాలు ఉన్నారు. వాళ్లను పెట్టండి. ముఖం తెలియకపోతే మరీ మంచిది, కృష్ణుడే కనిపిస్తాడు.

ఈ మాట అనడానికి నాకు ధైర్యం ఇచ్చింది మా ఆఫీసు బస్సు నడిపే ఆయన. మాగడి వైపు ఊరు. కన్నడిగుడు. ప్రతి ఏడాదీ వాళ్ల ఊళ్లో రాత్రంతా కురుక్షేత్రం ఆడతారు, ఈయన దుర్యోధనుడు. వేషం వేసినందుకు డబ్బు తీసుకోడు, ఎదురు ఇస్తాడు. కృష్ణుడి వేషానికి ఇంకా ఎక్కువ కట్టాలట, అది తన జీతంతో అయ్యే పని కాదన్నాడు. ఒక సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర బండి నలభై నిమిషాలు కదలకపోతే అడగ్గానే ఎత్తుకున్నాడు. మాటలు సగమే అర్థమయ్యాయి కానీ, పాట చివర తొడ చరిచిన చప్పుడుకు వెనక సీట్లో చెవుల్లో తీగలు పెట్టుకున్న పిల్లలు తీగలు తీసేశారు. అయిపోగానే చప్పట్లు. ఆయన అద్దంలోంచి చూసి, తల వంచి, గేరు మార్చాడు. గుబ్బి వీరణ్ణ గారి కంపెనీ కురుక్షేత్రంలో నిజం ఏనుగులను రంగం మీదికి తెచ్చిన నేల ఇది. కానీ నాకు ఆ సాయంత్రం ఏనుగులు అవసరమనిపించలేదు.

అమెరికా వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది జనాన్ని కూర్చోబెట్టడం అయితే, మన నాటకం నుంచి వాళ్లు నేర్చుకోవలసింది ఆ జనానికి పని ఇవ్వడం. 'ఒన్స్ మోర్' అన్న కేక పడితే నటుడు మళ్లీ పాడాలి. చచ్చిపోయినవాడైనా లేచి పాడి మళ్లీ చచ్చిపోవాలి అని మా ఊళ్లో సరదాగా అనేవారు. మా ఉగాది నాటకంలో కృష్ణుడికి మూడు ఒన్స్ మోర్లు పడ్డాయి. హాలు తొమ్మిదిన్నరకు ఖాళీ చేయాలి. తొమ్మిదీ ఇరవైకి హాలు మనిషి వచ్చి దీపాలు ఒకసారి ఆర్పి వెలిగించాడు. కృష్ణుడు అదీ లైటింగే అనుకుని ఇంకాస్త లాగాడు.

టీవీ వాళ్లు సరిగ్గా దీనికే భయపడతారు. సమయం కేటాయించిన చోట ఒన్స్ మోర్ ఎలా? నా జవాబు సులభం. ఆ రాత్రి తర్వాత వచ్చే కార్యక్రమాన్ని తీసేయండి. ఏదైనా పాత సినిమా అయి ఉంటుంది, పోయేదేమీ లేదు. ప్రకటనలు సీనుకూ సీనుకూ మధ్య తెర దించినప్పుడు వేసుకోండి, ఎటూ అప్పుడు ఒక కృష్ణుడు దిగి ఇంకో కృష్ణుడు ఎక్కాలి. పద్యం మధ్యలో సబ్బు చూపిస్తే మాత్రం మా పెదమామయ్య మీ ఆఫీసుకు వస్తాడు.

కెమెరా వాళ్లకు ఒక్క విన్నపం. పడక సీనులో మజా అంతా దూరంలో ఉంది. తల దగ్గర ఒకడు, కాళ్ల దగ్గర ఒకడు, మధ్యలో నిద్ర నటిస్తున్నవాడు. ముగ్గురూ ఒకే చట్రంలో ఉంటేనే ఆట. కృష్ణుడి రెప్ప కదిలినప్పుడు మీ చెయ్యి ఆయన ముఖం మీదికి ఉరుకుతుంది, ఉరకనివ్వకండి. దుర్యోధనుడు మీసం దువ్వుకోవడం ఆ చివర కనిపించకపోతే, ఈ చివర అర్జునుడి వినయానికి అర్థం లేదు. నా ఫోను స్టాండు మీద నుంచి కదలదు కాబట్టి, తెలియకుండానే ఆ రోజు నేను సరిగ్గా తీశాను. తప్పు ఇంకోచోట జరిగింది. మైకు ముందుకు వచ్చి పద్యం పాడే పాత అలవాటు కొద్దీ కృష్ణుడు మంచం దిగి నాలుగు అడుగులు ముందుకు నడిచాడు, సరాసరి నా ఫోను ముందుకు. అయిదు నిమిషాల పాటు తెనాలిలో అమ్మకు కనిపించింది కృష్ణుడి నడుముకు కట్టిన పట్టు గుడ్డ ఒక్కటే.

ఈ దసరాకు మళ్లీ వేస్తున్నాం. ఈసారి స్టాండు ఎత్తు పెంచుతున్నాను, హార్మోనియం పెట్టెను మైకుకు ఎడంగా జరుపుతున్నాను. అమ్మ మాత్రం నాటకం జరిగినంతసేపు నా ఫోను ఎత్తనని ముందే చెప్పింది. పక్కింటి పిన్నిని కూర్చోబెట్టుకుంటుందట. కృష్ణుడు ఎవరిని చూశాడో నేను ముందే చెప్పేస్తానట.